కాళ్ళ మీద కీచురాళ్ళు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కీచురాళ్ళ కోడలు అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. వీధి చివర రేకుల షెడ్డులో కీచురాళ్ళను పెంచుతారు. ఆమెకు అందులో పని. కోళ్ళ ఫారంలో పనిచేసేదాన్ని కోళ్ళ కోడలు అని ఎవరూ అనరు. అదేం చిత్రమో, మనిషి పురుగుల్ని పెంచి పొట్ట పోసుకుంటోందంటే మాత్రం లోకానికి ఎక్కడలేని నవ్వూ వస్తుంది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే పలకడం అలవాటు చేసుకుంది.

షెడ్డు బయట ఏ కాలమైనా లోపల ఎండాకాలమే. వరసగా ప్లాస్టిక్ తొట్లు, వాటి నిండా నిలువుగా పేర్చిన గుడ్ల అట్టలు, ఆ అట్టల గుంటల్లో కీచురాళ్ళు. మేతకు తవుడు, తాగడానికి తడి స్పాంజి ముక్క. వాటిలో అరిచేవి మగవే. ఇంట్లో ఒక్కటి అరిస్తే చెవిలో జోరీగ అని విసుక్కుంటాం. లక్షలు కలిసి అరిస్తే అది అరుపులా ఉండదు, గాలి లాగా మనిషిని చుట్టుకుని ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా తలుపు తీసి లోపల అడుగు వేశారో, షెడ్డు షెడ్డంతా ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో నిలబడ్డవాళ్ళకు తమను ఎవరో చూస్తున్నట్టు వెన్ను జలదరిస్తుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అవి చూస్తూనే ఉంటాయి.

ఎదిగిన వాటిని తొట్లతో సహా చలి గదిలో పెట్టి తలుపు వేస్తారు. చలి ఎక్కేకొద్దీ అరుపు నెమ్మదిస్తుంది, సాగుతుంది, తెగితెగి వస్తుంది, చివరికి ఆగిపోతుంది. తలుపుకు చెవి ఆనించి అది వినడమే కోడలి పని. చప్పుడు ఉన్నంతసేపూ తలుపు తియ్యకూడదు. ఆగిందంటే అవి నొప్పి తెలియని నిద్రలోకి జారుకున్నాయని లెక్క. అప్పుడామె "సద్దుమణిగింది!" అని కేక వేస్తుంది, మిగతా ఆడవాళ్ళు జల్లెళ్ళు పట్టుకుని వస్తారు. ఆ పైన కడగడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పొడి కొట్టడం. ఏళ్ళ తరబడి ఇదే పని చేసి చేసి, సద్దుమణిగిందంటే అంతా సవ్యంగా జరిగినట్టేనని ఆమె ఒంటికి పట్టేసింది. తర్వాత జరిగినదంతా ఈ ఒక్క అలవాటు దగ్గర్నుంచే వచ్చింది.

ఇంట్లో ఉండేది ఆమే, అత్తగారే. మొగుడు లారీ నడుపుతాడు. ఇంటి కంటే దారి మీదే ఎక్కువ ఉంటాడు. అత్తగారిని వీధంతా టైలరమ్మ అంటారు. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే పాత కుట్టుమిషను, దాని ముందు వీపు నిటారుగా ఆవిడ. చెప్పులేసుకుని తొక్కితే కుట్టు వంకర పోతుందని ఆవిడ పట్టుదల. ఎప్పుడూ ఉత్త కాళ్ళే. చుట్టూ నేల మీద దారపు పోగులు, గుడ్డ పీలికలు, గుండుసూదులు. సాయంత్రం పని ముగించాక అయస్కాంతం ముక్కకు తాడు కట్టి నేలంతా తిప్పి సూదులు ఏరుకుంటుంది. నోరు మాత్రం ఏ కత్తెరకూ తీసిపోదు. మిషను ఆగితే నోరు, నోరు ఆగితే మిషను. రెండూ ఆగాయంటే ఆవిడ నిద్రపోయిందని కోడలికి తెలిసేది.

టైలరమ్మకు షుగరు జబ్బు. మాత్రలంటే చిరాకు. అంతకంటే చిరాకు కీచురాళ్ళంటే. ఊళ్ళోవాళ్ళ బట్ట బీరువాలో దాచితే అవి దూరి కొరికి పెట్టేవి. ఎన్నిసార్లు పరాయివాళ్ళ ముందు తల వంచుకోవాల్సి వచ్చిందో! అలాంటిది, కోడలు పోయి పోయి ఆ జాతిని సాకే చోట పనికి కుదిరింది. "నా శత్రువులకి అన్నం పెట్టి వస్తోందమ్మా మా కోడలు" అని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పుకునేది. కోడలు మాత్రం ఇంటికి వచ్చే ముందు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి, అక్కడి పద్ధతి ప్రకారం తోటివాళ్ళ చేత వీపూ మడతలూ జుట్టు ముడీ దులిపించుకుని మరీ వచ్చేది. ఒకరినొకరు దులుపుకోకుండా ఆ గుమ్మం దాటకూడదు. చేత్తో పైనుంచి కిందికి, మెల్లగా, పురుగు నలగకుండా దులపాలి.

ఒకరోజు పొడి తీసుకెళ్ళడానికి ప్రయోగశాల నుంచి ఒకావిడ వచ్చింది. పరీక్షల మేడమ్ అంటారు ఆవిడని. ఇంత పొడి ఎవరు తింటారు మేడమ్ అని కోడలు ఊరకే అడిగింది.

"ఎలుకలు" అంది మేడమ్ నవ్వుతూ. "షుగరున్న ఎలుకలకి పెట్టి చూస్తున్నాం. కొన్నిటికి తగ్గింది."

కోడలి చేతిలో జల్లెడ ఆగిపోయింది. "మరి మనుషులకి?"

"అదింకా తెలీదమ్మా. ఎలుక వేరు, మనిషి వేరు. తేలడానికి చాలా టైము పడుతుంది. ఇంట్లో ఎవరికైనా షుగరుందా?"

"మా అత్తగారికి."

"అయితే మాత్రలు మాత్రం మానొద్దని చెప్పు. ఏం తిన్నా సరే, మాత్రలు మానకూడదు. మర్చిపోకు."

కోడలు మర్చిపోలేదు. ఇంటికి వెళ్ళి రెండు మాటలూ చెప్పింది. అయితే మొదటి మాట గొంతెత్తి చెప్పింది, రెండో మాట చెప్పులు విడుస్తూ చెప్పింది. అంతకాలం నలుగురి నోళ్ళలో నలిగిన తన పని ఒక్కసారిగా మందు పని అయిపోయిందే! ఆ సంతోషం ముందు ఇంకేం ఆనుతుంది?

టైలరమ్మ సూదిలో దారం ఎక్కించడం ఆపి చూసింది. "ఏమిటీ, అవి తింటే షుగరు తగ్గుతుందా?"

"ఎలుకలకి తగ్గిందట అత్తయ్యా."

"నేను మాత్రం ఎలుక కంటే ఏం తక్కువ తిన్నాను? తీసుకురా. జన్మంతా అవి నా బట్టలు కొరికాయి. ఇప్పుడు నేను వాటిని కొరుకుతాను."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు అలా కలిసి నవ్వడం అదే మొదలు. జల్లెట్లో మిగిలిన తరుగు పొడి పనివాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, అడిగేవాళ్ళు లేరు. కోడలు దాన్ని దోరగా వేయించి, జావలో కలిపి ఇచ్చేది. టైలరమ్మ మొదటి గుక్కకు మొహం చిట్లించింది. తర్వాత్తర్వాత, ఇంకాస్త వెయ్యవే అనేది. పొడితో పాటు పాత గుడ్ల అట్టలు కూడా తెచ్చింది కోడలు. ఆ గుంటల్లో దారపు ఉండలు పెట్టుకుంటే పొందిగ్గా ఉంటాయని టైలరమ్మే అడిగింది. ఒంటి మీద బట్టలు దులుపుకోవడం తెలిసిన కోడలికి, అట్టల మడతలు దులపాలన్న సంగతి మాత్రం తోచలేదు.

కొన్నాళ్ళకు క్లినిక్‌లో వేలు గుచ్చి చూస్తే షుగరు కాస్త దిగింది. అది మాత్రల వల్లో, పొడి వల్లో, ఆ నెల స్వీట్లకు డబ్బుల్లేక మానడం వల్లో ఎవరు చెప్పగలరు? వాళ్ళిద్దరికీ మాత్రం సందేహమే లేదు. వీధిలో కోడలి నడక మారింది.

అట్టల్లో వచ్చినవి ఇంట్లో పెరిగాయి. ఒక సాయంత్రం బీరువా వెనక నుంచి సన్నగా అరుపు వినిపించింది. మర్నాడు మిషను కింద. విచిత్రం, టైలరమ్మ వాటిని తిట్టలేదు. "ఉండనీలే. ఇప్పుడవి మనకి చుట్టాలు" అంది. ఆ మాట కోడలికి ఎందుకో రుచించలేదు.

ఆ తర్వాతే టైలరమ్మ కాళ్ళు విదిలించుకోవడం మొదలుపెట్టింది.

"ఒసే, చూడు, నా కాళ్ళ మీద పాకుతున్నాయి."

కోడలు వంగి చూసింది. ఏమీ లేవు. పాదాలు శుభ్రంగా, పాత తోలు రంగులో ఉన్నాయి.

"ఏం లేవత్తయ్యా."

"ఎలా లేవు? వేళ్ళ సందుల్లోంచి మడమ దాకా పోతున్నాయి. సన్నటి కాళ్ళు. గుచ్చి గుచ్చి నడుస్తున్నాయి."

రోజూ ఇదే. పని ముగించి కాళ్ళు చాపుకోగానే మొదలయ్యేది. దుప్పటి దులిపేది, పక్క గుడ్డ తిరగేసేది, నీళ్ళ బకెట్లో కాళ్ళు ముంచుకుని కూర్చునేది. నీళ్ళలో కూడా పాకుతున్నాయనేది. ఒకరోజు నవ్వకుండా, గొంతు బాగా తగ్గించి అంది: "నేను తిన్నవేనే ఇవి. లోపల్నుంచి నడుస్తున్నాయి. బయటికి దారి వెతుక్కుంటున్నాయి."

కోడలు పిచ్చి మాటలు మాట్లాడకండి అని కసిరింది గానీ, ఆ రోజు నుంచి తన కాళ్ళ మీద కూడా ఏదో నడుస్తున్నట్టు ఉండేది. షెడ్డులో రెండుసార్లు దులిపించుకునేది. దులిపే ఆవిడ, ఏమైంది నీకు అని నవ్వేది. ఇంకో సంగతి కూడా కోడలి కంట పడింది. ఇంట్లో కీచురాళ్ళు తన అడుగుల చప్పుడుకు టక్కున ఆగిపోయేవి. అత్తగారు నడిస్తే ఆగడం లేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళినా, వచ్చినా, వాటి పక్కనే నిలబడినా అలా అరుస్తూనే ఉండేవి. ఆ గదిలో మనిషే లేనట్టు.

అప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే బాగుండేది. షుగరున్నవాళ్ళకు అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటుందని ఆ క్లినిక్‌లో ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. అయితే ఏమని వెళ్ళాలి? తిన్న పురుగులు కాళ్ళలో తిరుగుతున్నాయనా? వీధంతా పగలబడి నవ్వదూ? పైగా కోడలు అత్తకు పురుగులు పెట్టిందని కథలు కట్టరూ? పరువు అడ్డొచ్చింది ఇద్దరికీ.

ఆ రోజుల్లోనే కోడలి పని కోటుకు గుండీ ఊడింది. అత్తగారు బజారుకు వెళ్ళింది కదా, తనే కుట్టుకుందామని గుండీల డబ్బా మూత తీసింది. పాత బిస్కెట్ల డబ్బా అది, నిండా తెల్ల గుండీలు. వేళ్ళతో కెలికి ఒకటి తీసింది. దానికి రంధ్రాల్లేవు. ఇంకొకటి తీసింది. దానికీ లేవు. వాటిని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. మాత్రలు. రోజూ తన ముందే నోట్లో వేసుకుని నీళ్ళు తాగిన మాత్రలు, నాలుక కింద దాచి, తడి ఆరక ముందే ఇక్కడ పడేసినవి. కొన్ని కరిగి గుండీలకు అంటుకుని ఉన్నాయి.

అడిగేద్దామనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది. మాత్రలు మానేసినా మనిషి బాగానే ఉందంటే, అదంతా పొడి చలవే అన్నమాట! ఆ ఆలోచన బుర్రలోకి వచ్చిందో లేదో, తియ్యగా అతుక్కుపోయింది. అవి మళ్ళీ డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించి, ఊరుకుంది. మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అయినా ఊరుకుంది.

కొద్ది రోజులకు ఒక పొద్దున్న టైలరమ్మ మంచం మీద కూర్చుని, రెండు పాదాలూ ఎదురుగా పెట్టుకుని, చిన్నపిల్లలా మెరిసిపోతూ కనిపించింది.

"ఆగిపోయాయే!"

"ఏమిటి?"

"పాకడం. నిన్నట్నుంచి లేదు. ఒక్కటి కూడా లేదు. కాళ్ళు ఉన్నాయో లేవో అన్నంత హాయిగా ఉంది."

కోడలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆమె నోటి నుంచి ఆలోచించకుండానే మాట వచ్చేసింది: "సద్దుమణిగింది."

ఆ మాట అన్నాక ఎందుకో చలి గది తలుపు చెవికి ఆనినట్టు చల్లగా అనిపించింది. అదేమిటో తేల్చుకునేలోపు షెడ్డు టైమైంది, వెళ్ళిపోయింది.

హాయి అంది గానీ, మిషను చప్పుడు మారింది. గబగబా నాలుగు తొక్కులు, మధ్యలో ఒక తొట్రుపాటు, మళ్ళీ నాలుగు. కాలు తొక్కుడు పలక మీంచి జారుతోంది. వయసు కదా అనుకుంది కోడలు. గదిలో ఏదో ముగ్గిన వాసన వస్తున్నట్టు కూడా ఉండేది. పురుగుల షెడ్డులో పొద్దంతా ఉండి వచ్చేదానికి ఏ వాసన ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? తన బట్టల్లోదే అనుకుని స్నానం చేసేది. అయస్కాంతం ఇప్పుడు గోడ మేకుకు వేలాడుతూనే ఉంటోంది. వంగితే కళ్ళు తిరుగుతున్నాయని టైలరమ్మ సూదులు ఏరడం మానేసింది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో కరెంటు పోయి పని ఆపేశారు. కోడలు పెందలాడే ఇంటికి వచ్చింది. వీధిలోకే మిషను చప్పుడు వినిపిస్తోంది. దాంతోపాటు కీచురాయి అరుపు. గుమ్మంలో నిలబడిపోయింది. మిషను నడుస్తుంటే నేల అదురుతుంది, అదురుతుంటే కీచురాయి అరవదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. ఇదేమో మిషను కిందే, తొక్కుడు పలక దగ్గరే, తీరిగ్గా అరుస్తోంది.

"వచ్చావా? ఇదిగో, ఈ చెయ్యి అతికిస్తే గౌను అయిపోయినట్టే" అంది టైలరమ్మ తల ఎత్తకుండా. గొంతు హుషారుగా ఉంది. కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

కోడలు నేల మీద మోకాళ్ళూని తల వంచి చూసింది.

కుడి పాదం పలకతో పాటు పైకీ కిందికీ ఊగుతోంది. చిటికెన వేలి పక్కన నల్లగా, తడిగా ఒక గుంట. అందులో గుండుసూది తల మెరుస్తోంది. మిగతా సూదంతా లోపలే. ఎన్నాళ్ళ నుంచి ఉందో, చుట్టూ చర్మం ఉబ్బి, మెత్తబడి, రంగు పోయింది. గుంట అంచున రెండు కీచురాళ్ళు కూర్చుని ఉన్నాయి. ఊగే పాదాన్ని గట్టిగా పట్టుకుని, మీసాలు ఆడిస్తూ, తింటున్నాయి. కొద్ది దూరంలో మూడోది రెక్కలు ఎత్తి అరుస్తోంది.

"ఏం చూస్తున్నావే అక్కడ?" అంది టైలరమ్మ.

కోడలు చెయ్యి చాపి వాటిని దులిపింది. అవి తొందరపడలేదు. ఒకటి మెల్లగా పక్కకు దిగి నిలబడింది, మళ్ళీ వస్తానన్నట్టు. కోడలు ఆ వేలిని పట్టుకుంది. గట్టిగా నొక్కింది. టైలరమ్మ పైన గౌను చెయ్యి తిప్పి కుడుతూ ఏదో పాత కూనిరాగం తీస్తోంది.

"అత్తయ్యా, నేను మీ కాలు పట్టుకున్నాను. తెలుస్తోందా?"

మిషను ఆగింది.

"ఏ కాలు?" అంది టైలరమ్మ.

ఆసుపత్రిలో కుడి కాలిని చీలమండ పైదాకా తీసేశారు. డాక్టరు తిట్టలేదు. కోడలు పొడి సంగతీ, పాకడం సంగతీ చెప్పింది, మాత్రలు మానిన సంగతి టైలరమ్మే ఒప్పుకుంది. ఆయన విని, "ఆ పొడి మంచిదో కాదో నాకు తెలీదమ్మా, అది తేల్చేవాళ్ళు తేలుస్తారు. మాత్రలు మానేస్తే ఏమవుతుందో మాత్రం ఎప్పుడో తేలిపోయింది. పాకుతున్నంతకాలం ఆ నరాలు బతికే ఉన్నాయి. పాకడం ఆగినప్పుడు మీరు భయపడాల్సింది" అన్నాడు. కోడలు గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ రోజు పొద్దున్న తన నోటి నుంచి వచ్చిన మాట తనకే మళ్ళీ మళ్ళీ వినిపించింది.

లారీ వదిలేసి కొడుకు పరిగెత్తుకొచ్చాడు. ఎలా జరిగిందని అడిగితే, టైలరమ్మ కోడలిని నోరెత్తనివ్వలేదు. "మాత్రలు మానింది నేను. దాచింది నేను. దాన్నేమీ అనకు" అంది. చూడ్డానికి వచ్చిన వీధివాళ్ళతోనూ అదే మాట. కోడలికి అది తిట్టు కంటే ఎక్కువైంది. ఇంటికి వచ్చాక, ఇద్దరే ఉన్నప్పుడు, ఉండబట్టలేక చెప్పేసింది.

"అత్తయ్యా, మాత్రలు నేను చూశాను. గుండీల డబ్బాలో. చూసి కూడా ఊరుకున్నాను."

"తెలుసు" అంది టైలరమ్మ.

"తెలుసా?"

"మూత నేనెప్పుడూ సగమే పెడతాను. ఆవేళ బజారు నుంచి వచ్చేసరికి బిగించి ఉంది. నువ్వు అరుస్తావని రెండు రోజులు కాచుకుని కూర్చున్నాను. అరవలేదు. షెడ్డులో పనిచేసేదానివి, నీకు తెలిసే ఊరుకున్నావనుకున్నాను. ఊరుకున్నావంటే ఫరవాలేదు కాబోలనుకున్నాను."

ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు గుండీల డబ్బాలో గుండీలే ఉన్నాయి. మాత్రలు కోడలే నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూస్తుంది. అట్టలు తగలబెట్టింది. ఇల్లంతా మూల మూలా వెతికి కీచురాళ్ళను ఏరి పారేసింది. ఇప్పుడు ఇంట్లో ఒక్కటి కూడా లేదు. రోజూ పొద్దున్నే ఎడమ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులు చూసి, అడుగుతుంది.

"పాకుతున్నాయా అత్తయ్యా?"

"పాకుతున్నాయే, చావగొడుతున్నాయి" అంటుంది టైలరమ్మ విసుగ్గా. ఆ మాట వింటే కోడలి ప్రాణం కుదుటపడుతుంది.

నిన్న అడిగినప్పుడు మాత్రం టైలరమ్మ దుప్పటి కేసి చూస్తోంది. దుప్పటి కుడి పక్క మోకాలు దాటాక కొంచెం దూరం దాకా ఎత్తుగా ఉండి, తర్వాత చదునుగా పరుపుకు ఆని ఉంది.

"ఇటు కూడా పాకుతున్నాయే" అంది మెల్లగా.

"ఎటు?"

"కుడి కాలు మీద. వేళ్ళ దగ్గర. చాలా ఉన్నాయి. కాస్త దులపవే."

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. హాస్యం లేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దుప్పటి తీసి, షెడ్డు గుమ్మం దగ్గర దులిపినట్టే, చేత్తో పైనుంచి కిందికి, మెల్లగా, ఖాళీ పరుపు మీద గాలిలో దులిపింది.

"పోయాయా?"

"ఇంకా కిందికి. అదిగో, చిటికెన వేలి దగ్గర ఒకటి కూర్చుంది."

కోడలు చెయ్యి ఇంకొంచెం కిందికి జరిపింది.